పనికి అవతలి మనిషి

రిటైరైనవాళ్లు నలుగురు కూర్చున్నచోట మాటలు తిరిగి తిరిగి ఉద్యోగాల మీదికే వస్తాయి. ఒకాయన జీవితమంతా బడిపంతులు. ఒకాయన ఆర్టీసీలో డ్రైవరు. ఇంకొకాయన బ్యాంకులో గుమస్తాగా చేరి మేనేజరుగా దిగినవాడు. ‘మీరేం చేసేవారు?’ అని అడిగితే వాళ్ల దగ్గర ఒక్క మాటలో జవాబుంది. నా దగ్గర లేదు. విజయవాడలో అచ్చాఫీసు కంపోజిటర్ని. కందుకూరు దగ్గర మా ఊళ్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు రాత్రిళ్లు మంట కాసినవాణ్ణి. అదే ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసు నడిపినవాణ్ణి. ఇప్పుడు శనివారాలు మాలకొండ గుడి దగ్గర చెప్పుల స్టాండులో కూర్చుంటున్నాను. వీటిలో ఏదీ నేను కోరి ఎంచుకున్నది కాదు. ఒక పని మూతపడితే చేతికందిన ఇంకో పని పట్టుకున్నాను.

అందుకే గీతలో ఒక మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. పరధర్మాన్ని ఎంత చక్కగా చేసినా, దానికంటే లోటుపాట్లున్న స్వధర్మమే మేలని కృష్ణుడు మూడో అధ్యాయంలో చెబుతాడు. పద్దెనిమిదో అధ్యాయంలో మళ్లీ చెబుతాడు. ఒకే మాట రెండుసార్లు చెప్పాడంటే అది ముఖ్యమైనదే అయివుండాలి. మరి బతుకుతెరువు కోసం నాలుగు దారులు తొక్కినవాడికి స్వధర్మం ఏది? అక్షరాలు పేర్చడమా, మంట కాయడమా, ఉత్తరాలు పంచడమా? తన పనితోనే దేవుణ్ణి అర్చించాలని కూడా గీతే చెబుతుంది. ఏ పనిచేసి దేవుణ్ణి అర్చించినట్టు నేను లెక్క చెప్పుకోవాలి?

ఇది నా ఒక్కడి ప్రశ్న కాదు. మగ్గం దిగి అపార్టుమెంటు కాపలాకు వెళ్లిన చేనేతవాళ్లు, పొలం అమ్ముకుని ఆటో తోలుతున్న రైతులు, దుబాయిలో తాపీపని చేసి ఊళ్లో కిరాణా కొట్టు నడిపినవాళ్లు మన మధ్య లక్షలమంది ఉన్నారు. ఒకే పనిలో పుట్టి ఒకే పనిలో పోయే కాలం మన తాతలతోనే వెళ్లిపోయింది. గీత చెప్పిన మాట ఆ కాలానికే చెల్లుతుందా, మనకూ ఏమైనా చెబుతోందా అన్నది తేల్చుకోవలసిన విషయం.

పాతకాలపు జవాబు ఒకటి ఉంది. స్వధర్మమంటే పుట్టిన కులం చేసే పని అన్నారు. మెత్తగా చెప్పినవాళ్లూ ఉన్నారు. వినోబా భావే 1932లో ధూలే జైలులో ప్రతి ఆదివారం తోటి ఖైదీలకు గీత చెప్పారు. సానే గురూజీ దాన్ని రాసుకున్నారు. స్వధర్మాన్ని వెతుక్కుంటూ పోనక్కర్లేదనీ, కన్నతల్లిని ఎంచుకోనట్టే దాన్నీ ఎంచుకోమనీ, మనం పుట్టేసరికే అది మనకోసం ఉంటుందనీ ఆయన భావం. వినోబా గారి మీద నాకు చాలా గౌరవం. భూమి కోసం ఊరూరా నడిచిన మనిషి మాటలో దురుద్దేశం ఉండదు. అయినా ఈ మాట మా ఊరి వీధుల్లో నిలబడి వింటే గుండె ఒప్పుకోదు. బ్యారన్ మంట దగ్గర పుట్టిన పిల్లవాడికి ఆ మంటే స్వధర్మమా? ఊరవతల పుట్టినవాడికి ఊరి పాకీపనే తల్లిలాంటిదా? అంబేద్కర్ 1936లో రాసిన ‘కులనిర్మూలన’లో దీనికి సూటిగా జవాబు చెప్పారు. కులం పనిని పంచడంతో ఆగలేదనీ, పనిచేసే మనుషుల్నే గదులు కట్టి విడదీసిందనీ, ఎవరికి ఏది చేతనవును, ఏది ఇష్టం అని చూడకుండా తల్లిదండ్రుల అంతస్తును బట్టి పని ముందే రాసిపెట్టిందనీ ఆయన వాదం. నేను ఆయన పక్షమే. పుట్టుకతో అంటగట్టిన పనిని ధర్మమని పిలిచినంత కాలం ధర్మం అన్న మాట ఎవరినో అణిచే పనికే వాడబడింది.

అయితే కులం కాదన్నంత మాత్రాన ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఆ జవాబు నాకు పుస్తకాల్లో కొంతా, చేతుల ద్వారా కొంతా వచ్చింది. వచ్చిన వరస ప్రకారమే చెబుతాను.

బడి చదువు అయ్యాక 1971లో విజయవాడ వెళ్లి ఒక అచ్చాఫీసులో చేరాను. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, ఎదురుగా అక్షరాల గళ్లున్న కేసులు. తెలుగు కంపోజింగు ఇంగ్లీషుకంటే ఎంతో కష్టం. క ఒక అచ్చు, కా ఇంకో అచ్చు, కి, కు, కె, కో దేనికది వేరే అచ్చు. ఒత్తులు మళ్లీ వేరే గళ్లలో. అక్షరాలన్నీ తిరగేసి ఉంటాయి, వాటిని తిరగేసినట్టే చదవడం అలవాటు చేసుకోవాలి. పంక్తి నిండకపోతే స్పేసులు దూర్చి బిగించాలి. పేజీ కట్టి, దారం చుట్టి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, ఫారం మిషనెక్కించాలి. అచ్చయ్యాక కిరసనాయిలు బ్రష్షుతో ఇంకు కడిగి ఏ అక్షరాన్ని ఆ గదిలో వేయాలి. మొన్న పెద్దకర్మ కార్డులో ఉన్న అక్షరాలే ఇవాళ శుభలేఖలో కూర్చునేవి.

నేను గీతను మొదటిసారి పూర్తిగా చదివింది అక్కడే. ఒక పెద్ద వ్యాఖ్యానం మా ప్రెస్సుకు వచ్చింది. ఒక్కో శ్లోకాన్ని అక్షరం అక్షరం ఏరి పేర్చినవాడికి ఆ మాటలు కళ్లలోంచి కాక వేళ్లలోంచి లోపలికి వెళతాయి. పుస్తకం అచ్చయి వచ్చిన రోజు తెరిచి చూశాను. వ్యాఖ్యాత పేరుంది, ప్రచురణకర్త పేరుంది, అచ్చు వేసిన ప్రెస్సు పేరుంది. ముద్రాపకుడి పేరూ అచ్చయిన ఊరూ పుస్తకం మీద ఉండాలని అప్పట్లో 1867 నాటి చట్టమే చెప్పేది. కంపోజిటరు పేరు ఏ చట్టమూ అడగదు. అందుకు నాకు బాధ కలగలేదు. ఎక్కడో ఒక ఊళ్లో ఒక పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని ఈ పేజీ చదువుతుంది, దీర్ఘం తప్పితే ఆవిడ నాలుక తడబడుతుంది, ఆ తడబాటు రాకుండా చూడటం నా పని అనిపించింది. ఆవిడకు నేనెవరో తెలియదు, ఆవిడ ఎవరో నాకు తెలియదు. అయినా మా ఇద్దరి మధ్య ఒక బాధ్యత ఉంది. పనికి అవతల ఒక మనిషి ఉంటాడన్న ఎరుక నాకు మొదట కలిగింది ఆ సీసం అక్షరాల దగ్గరే.

ఆ ప్రెస్సులోనే గీతను ఇంకో రకంగా వాడటమూ చూశాను. కూలి పెంచమని మేం నలుగురం వెళ్లి అడిగితే యజమాని మేం పేర్చిన పుస్తకాన్నే చూపించి, పనిచేయడం వరకే మన అధికారం, ఫలం ఆశించకూడదని దేవుడే చెప్పాడు కదా అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ దాన్ని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. ఫలాన్ని వదులుకోమన్నది పనిచేసేవాడికి చెప్పిన మాట. తన మనసు తాను కడుక్కోవడానికి చెప్పిన మాట. ఎదుటివాడి కూలి ఎగ్గొట్టడానికి అది అధికారపత్రం కాదు. గెలుపూ ఓటమీ, పేరూ ప్రతిష్ఠా, పుణ్యమూ స్వర్గమూ ఫలాలు. వాటిమీద తపన వదులుకోవచ్చు. కూలి ఫలం కాదు, బాకీ. చేయించుకున్నవాడు చేసినవాడికి పడ్డ బాకీ. అర్జునుడు ఎవరి దగ్గరా కూలికి యుద్ధం చేయలేదు కాబట్టి ఆ సంగతి అక్కడ రాలేదు.

కూలిలో ఎంతవరకు తనది అన్న వివేకం పనిచేసేవాడికీ ఉండాలి. పన్నెండో శతాబ్దంలో కళ్యాణ పట్నంలో బసవేశ్వరుడి చుట్టూ చేరినవాళ్లు పనినే పూజ అన్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు కాయకం. చెప్పులు కుట్టేవాడు, తాడు పేనేవాడు, చాకలి, పడవ నడిపేవాడు అందరూ అనుభవ మంటపం అనే వాళ్ల సభలో సమానంగా కూర్చున్నారు. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణాన్ని తెలుగులో రాయడంతో ఆ గాలి మన వైపూ వీచింది. వాళ్లలో ఆయ్దక్కి మారయ్య అని ఒకడుండేవాడు. రాలిన బియ్యపు గింజలు ఏరుకొచ్చి ఆ పూటకు వండిపెట్టడం అతని కాయకం. ఒకరోజు రోజూకంటే ఎక్కువ బియ్యం తెచ్చాడు. భార్య లక్కమ్మ ఒప్పుకోలేదు. ఎక్కువైన గింజల్ని ఎక్కడివక్కడ పోసి రమ్మని పంపించింది. తనకు రావలసినదాన్ని అడగడమూ, తనది కానిదాన్ని తాకకపోవడమూ ఒకే ధర్మానికి రెండు చేతులు. రెండో చెయ్యి గురించి పేదవాళ్లకు ఉపదేశాలు చాలా దొరుకుతాయి. మొదటి చెయ్యి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి సముద్రం వారి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది పోయారు. బెజవాడ నుంచి సాయానికి వెళ్లిన కుర్రవాళ్లలో నేనూ ఉన్నాను. అవనిగడ్డ దాటాక దారి లేదు. పొలాల్లో, తాటిచెట్ల మొదళ్లలో, తుమ్మకంపల్లో శవాలు, పక్కనే పశువులు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కర్పూరం వాసన చూస్తూ ఎత్తేవాళ్లం. కొందరిని పూడ్చాం, కొందరిని కిరసనాయిలు పోసి కాల్చాం. ఎవరిది ఏ కులమో, ఏ మతమో చెప్పే గుర్తులు నీళ్లలోనే పోయాయి. మాతో ఒక పెద్దాయన ఉండేవాడు, ఆ పక్క ఊరివాడు, ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాడు. ఎత్తే ప్రతి శవం దగ్గరా ఒక్క క్షణం ఆగి ‘పోయిరా నాయనా’, ‘పోయిరా తల్లీ’ అనేవాడు. ఎంత తొందరలోనూ ఎవరికీ ఆ మాట తప్పించలేదు.

దిక్కులేని శవానికి సంస్కారం చేస్తే కోటి యజ్ఞాల ఫలమని మన పెద్దలంటారు. ఆ పెద్దాయన ముఖంలో ఏ ఫలమూ కనిపించలేదు. కూలి లేదు, చూసేవాడు లేడు, కృతజ్ఞత చెప్పేవాడు అసలే లేడు. అయినా ఆ పని ఎందుకు చేయాలన్న ప్రశ్న మాలో ఎవరికీ రాలేదు. దాన్ని ఇప్పుడు ఇలా అర్థం చేసుకుంటున్నాను. పనికి అవతలి మనిషికి మనం బాకీ పడింది అతను మనల్ని గుర్తిస్తాడని కాదు. అతను బతికి లేకపోయినా ఆ బాకీ పోదు. నిష్కామకర్మ అనే పెద్దమాటకు నేను కళ్లారా చూసిన అర్థం ‘పోయిరా తల్లీ’ అన్న ఆ పలకరింపు. దాన్ని మించిన వ్యాఖ్యానం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆఫ్‌సెట్ వచ్చి, తరవాత కంప్యూటర్ల మీద డీటీపీ వచ్చి, సీసం అక్షరాలు తూకానికి వెళ్లిపోయాయి. 1980లు ముగిసేలోపు నేను ఊరు చేరాను. మా ప్రాంతం వర్జీనియా పొగాకు ప్రాంతం. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడ్డాక లైసెన్సులూ వేలం కేంద్రాలూ వచ్చి ఆ పంట ఇంకా పాతుకుంది. చలికాలంలో ఆకు రెలిచి, కర్రలకు కట్టి, ఎత్తయిన బ్యారన్‌లో వరసలు వరసలుగా వేలాడదీస్తారు. బయట పొయ్యి, లోపల నేలబారున ఇనుప గొట్టాలు. మొదట వంద డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకును పండించాలి. ఆ తరవాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ ఆకు ఆరాక, ఈనె ఆరడానికి నూట అరవై దాకా తీసుకెళ్లాలి. అంతా అయ్యేసరికి ఐదారు రోజులు. మంట హెచ్చితే ఆకు నల్లబడుతుంది, తగ్గితే మచ్చ పడుతుంది. కర్ర జారి ఎండుటాకు గొట్టం మీద పడితే బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. రైతు అప్పంతా ఆ నాలుగు గోడల మధ్య ఉంటుంది. అతను నిద్రపోవాలంటే ఒకడు మేలుకోవాలి. ఆ మేలుకునేవాణ్ణి నేను.

ఆ రాత్రుల్లో పద్దెనిమిదో అధ్యాయంలోని ఇంకో మాట నన్ను పట్టుకుంది. నిప్పును పొగ కమ్మినట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కమ్మే ఉంటుంది కాబట్టి సహజంగా వచ్చిన పనిని దోషముందని విడిచిపెట్టవద్దంటాడు కృష్ణుడు. నా ఎదురుగా నిప్పూ పొగా రెండూ ఉన్నాయి. బ్యారన్ కట్టడంలోని తెలివంతా పొగను నిప్పునుంచి విడదీయడంలోనే ఉంది. పొగ గొట్టాల్లోనే తిరిగి పైన చిమ్నీలోంచి పోతుంది. ఆకుకు తగిలేది వేడి ఒక్కటే. మనిషి కూడా తన పనిలోని వేడిని ఉంచుకుని పొగను బయటికి పంపగలడేమో అనుకునేవాణ్ణి. కానీ ఆలోచన అక్కడ ఆగనివ్వదు. చిమ్నీలోంచి పోయిన పొగ వేరు. నేను ఆరబెట్టిన ఆకు ఒకనాడు ఎవరి ఊపిరితిత్తుల్లోనో మళ్లీ పొగే అవుతుంది. 2016 నుంచి సిగరెట్టు పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంటోంది. ఆ బొమ్మలోని మనిషి కూడా నా పనికి అవతలి మనిషే.

ఇక్కడ మన సంప్రదాయాలు రెండు దారుల్లో పోతాయి. బుద్ధుడు తన గృహస్థ శిష్యులకు ఐదు వ్యాపారాలు వద్దన్నాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. పొగాకు అమెరికాల నుంచి మనకు వచ్చింది ఇటీవలి శతాబ్దాల్లోనే. ఆయన కాలానికి వచ్చివుంటే ఆ జాబితాలో చేరేదని నా నమ్మకం. మహాభారతం అరణ్యపర్వం ఇంకో మాట చెబుతుంది. కొంగను కోపంచూపుతో కాల్చిన కౌశికుడనే బ్రాహ్మణుణ్ణి ఒక ఇల్లాలు మిథిలకు పంపిస్తుంది, అక్కడ ధర్మం చెప్పే గురువు మాంసం అమ్మేవాడు. ఆ ధర్మవ్యాధుడు తన పనిని గొప్పగా చెప్పుకోడు. తాను స్వయంగా చంపననీ, అయినా తన పనిలో హింస ఉందనీ ఒప్పుకుంటాడు. నాగలి సాగినచోట ఎన్ని ప్రాణులు చస్తాయో చూడమంటాడు. పూర్తిగా హింస లేని బతుకు ఎవరిదీ కాదంటాడు. ముసలి తల్లిదండ్రులకు చేసే సేవే తన తపస్సని వాళ్లను చూపిస్తాడు.

ఇద్దరి మాటా నాకు కావాలి. బుద్ధుడి మాట లేకపోతే ప్రతివాడూ తన పనిలోని పొగను దేవుడి లెక్కలో వేసేస్తాడు. ధర్మవ్యాధుడి మాట లేకపోతే గతిలేక ఆ పని చేస్తున్న కూలివాణ్ణి పాపి అని వేలెత్తి చూపుతాం, ఆ పనిమీద మేడలు కట్టినవాళ్లను వదిలేస్తాం. పనిలో దోషం ఉంటే దాన్ని తెలిసి ఉండాలి, చెప్పాలి, వీలున్న రోజున ఆ పనినుంచి కదలాలి. బ్యారన్ పొయ్యి దగ్గర బీడీ వెలిగించుకోవడానికి వచ్చిన కుర్రవాళ్లను కూర్చోబెట్టి వద్దని చెప్పేవాణ్ణి. ఆకు నుంచి బతికేవాడే ఆ మాట చెబితే కొంతమందైనా వింటారు.

ఆ తరవాత ఊరి బ్రాంచి పోస్టాఫీసు నా చేతికి వచ్చింది. అప్పట్లో ఆ ఉద్యోగాన్ని ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ అనేవారు, 2001 నుంచి గ్రామీణ డాక్ సేవక్ అంటున్నారు. మా ఇంటి ముందుగదే ఆఫీసు. రోజుకు కొన్ని గంటల పని, మిగతా పొద్దు అరకా పొలమూ. ఉత్తరాలు ఇవ్వడం ఒక పని, చదివి పెట్టడం ఇంకో పని. పట్నంలో కూలికి పోయిన కొడుకు రాసిన నాలుగు ముక్కలు చదివి, తల్లి చెప్పింది రాసి పంపేవాణ్ణి. మనియార్డరు మీద వేలిముద్ర వేయించుకుని డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టేటప్పుడు ఆ ఇంటి పరిస్థితంతా తెలిసేది. తెలిసింది నోరు దాటకూడదు. ప్రెస్సులో అక్షరం తప్పకూడదన్నదే ఇక్కడ నమ్మకం తప్పకూడదన్న రూపంలో వచ్చింది. పని మారింది, బాధ్యత మారలేదు.

ఉపాధి హామీ పథకం వచ్చాక కూలి డబ్బులు పోస్టాఫీసుల ద్వారా ఇవ్వడం మొదలైంది. ఆ తరవాత వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు మూడు నెలలపాటు నెలకు 500 రూపాయలు పడ్డాయి. ఊరు దాటే వీల్లేదు కాబట్టి ఆ యంత్రం పట్టుకుని గడప గడపకూ తిరిగాను. అప్పుడు చూశాను నేను మరిచిపోలేనిది. జీవితమంతా కలుపు తీసి, మిరపకాయలు కోసి, పొగాకు గ్రేడింగు చేసిన ఆడవాళ్ల వేళ్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. యంత్రం ఆ వేళ్లను ఒప్పుకోదు. తడిగుడ్డతో తుడవమనేవాణ్ణి, ఇంకో వేలు పెట్టమనేవాణ్ణి, చేయి మార్చమనేవాణ్ణి. ఎన్నిసార్లు పెట్టినా ఆ మనిషి ఆ మనిషి కాదన్నట్టే ఎర్రలైటు వెలిగేది. ఒకావిడ తన వేళ్లు తానే చూసుకుని, ‘వేళ్లరిగినయ్ గాని నేనరగలేదు గదా అబ్బయ్యా’ అంది.

వేదాంతం చెప్పేదంతా ఆ ఒక్క మాటలో ఉంది. దేహం అరుగుతుంది, చేతులు అరుగుతాయి, పనులు వచ్చి పోతాయి, ‘నేను’ అన్నది వీటన్నిటికీ సాక్షి. అంతా ప్రకృతి గుణాలు చేస్తుంటే నేనే చేస్తున్నానని అనుకోవడం అహంకారమని గీత మూడో అధ్యాయం చెబుతుంది. ఎంతోమంది పండితుల నోట విన్నాను ఈ సంగతి. అరిగిన వేలు ఎత్తి చూపించి చెప్పిన ఆవిడ దగ్గరే అది నాకు నిజమైంది. అయితే ఆత్మ అరగదన్న సత్యంతో ఆవిడ 500 రూపాయలు చేతికి రావు. మర్నాడు మళ్లీ వెళ్లాను, ఆ మర్నాడూ వెళ్లాను, చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పలికింది. ఆత్మ అరగదని నమ్మాలి, కూలి ఆగకుండా చూడాలి. ఈ రెండిట్లో ఒకటి పట్టుకుని రెండోది వదిలేసిన ఏ తత్వమూ నాకు అక్కర్లేదు.

ఆ ఏడాదే అరవై ఐదు నిండి పోస్టాఫీసు వదిలాను. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం మాత్రమే తెరుస్తారు. మిగతా రోజులు కొండంతా నిశ్శబ్దం, శనివారం జాతర. అక్కడ చెప్పుల స్టాండు పాడుకున్నవాళ్లు తెలిసినవాళ్లు, కూర్చోమంటే కూర్చుంటున్నాను. చెప్పులు తీసుకుని టోకెన్ ఇవ్వడం, టోకెన్ తీసుకుని చెప్పులు ఇవ్వడం. కొందరు నా జుట్టు చూసి ‘పెద్దవారు, మీరు ముట్టుకోవద్దండీ’ అని తామే లోపల పెట్టబోతారు. వాళ్ల మర్యాద నాకు అర్థమవుతుంది. ఆ మర్యాద వెనక చెప్పులు ముట్టుకోవడం తక్కువ పని అన్న పాత నమ్మకం దాగి ఉందని కూడా తెలుసు. ‘నా పని నన్ను చేయనివ్వమ్మా, మీరు నిశ్చింతగా దర్శనం చేసుకుని రండి’ అంటాను.

ఆ నమ్మకం ఎదురైనప్పుడల్లా నాకు అమరావతి గుర్తొస్తుంది. అక్కడి బౌద్ధ మహాస్తూపానికి పూర్ణకుంభం చెక్కిన పలక ఒకటి ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరితో కలిసి ఇచ్చినట్టు ఆ రాతిమీద రాయించాడు. తన పనిని దాచలేదు. పేరు పక్కనే చర్మకారుణ్ణని చెక్కించాడు. తోలుపని చేసినవాడి సంపాదన మహాస్తూపానికి పనికొచ్చిన రోజు మన నేలమీదే ఉంది. తరవాతి కాలం ఆ పనివాణ్ణి గుడి బయటికీ ఊరి బయటికీ నెట్టింది. ధర్మం పేరుతో నెట్టింది. దాన్ని ధర్మమని నేను ఒప్పుకోను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు చెబుతాను. స్వధర్మం పని పేరులో లేదు. కులంలో లేదు, జీతంలో లేదు, ఇష్టంలో కూడా లేదు. ఇష్టమైన పనే చేయమని ఈ రోజుల్లో పిల్లలకు చెబుతున్నారు. దొరికితే మంచిదే. కానీ లోకంలో ఎక్కువమందికి ఇష్టమైన పని దొరకదు, దొరికిన పనే చేస్తారు. వాళ్లకు స్వధర్మం లేదనడం దారుణం. ప్రతి పనికీ అవతల ఒక మనిషి ఉంటాడు. తప్పులేని పేజీ అతనికి రావాలి, అంటుకోని బ్యారన్ రావాలి, విప్పని ఉత్తరం రావాలి, తను విడిచిన చెప్పులు తనకే రావాలి. ఆ మనిషికి చెందవలసినదాన్ని చెడకుండా చేర్చడమే స్వధర్మం. ఎన్ని పనులు మారినా అది మారదు. తన పనితో భగవంతుణ్ణి అర్చించి మనిషి సిద్ధి పొందుతాడని గీత చెప్పిన చోట ఆ భగవంతుడు ఎక్కడున్నాడని ఎవరైనా అడిగితే, ఆ అవతలి మనిషిలో ఉన్నాడని నా సమాధానం.

ఏ పని మంచిది, ఏది చెడ్డది అని తూచడానికి కూడా ఇదే కొలత. నువ్వు చేస్తున్నదంతా ఆ అవతలి మనిషి పక్కన నిలబడి చూస్తే అతని కళ్లలోకి నువ్వు చూడగలవా? రైతు కళ్లలోకి నేను చూడగలను. సిగరెట్టు పెట్టె మీద బొమ్మైపోయినవాడి కళ్లలోకి చూడటం కష్టం. ఒకే పనికి ఇద్దరు అవతలి మనుషులుంటే ఇద్దరినీ లెక్కలో వేసుకోవాలి. ఈ కొలత కూలివాడికంటే ముందు యజమానికీ, అధికారికీ, విధానాలు రాసేవాళ్లకూ పెట్టాలి. ఎందుకంటే ఏ పని ఎవరికి దొరకాలో నిర్ణయించేది వాళ్లు. వాళ్ల పనికి అవతల ఉన్నది పనిచేసేవాడే.

ఇంటింటా ఏదో ఒక పనిచేసి ఇప్పుడు ఖాళీగా కూర్చున్న పెద్దవాళ్లున్నారు. ‘ఏదో చిన్నాచితకా పనులు చేశాం’ అని వాళ్లు మాట దాటేస్తారు. దాటనివ్వకండి. కూర్చోబెట్టి ఎవరికోసం ఏ పని ఎలా చేశారో చెప్పించుకోండి, రాసి ఉంచండి. వాళ్లకు రావలసిన కూలి గాని, పింఛను గాని, మీ దగ్గరో ఇంకెవరి దగ్గరో ఆగిపోయి ఉంటే ముందు అది ఇప్పించండి. వేదాంతం ఆ తరవాత మాట్లాడుకుందాం.